అహల్యమ్మ కారులో ఎర్ర దీపం

మొన్న జగిత్యాలలో కూరగాయలు కొనుక్కుని వస్తుంటే రోడ్డు పక్కన ఒక వ్యాను ఆగి ఉంది. డ్రైవరు బానెట్ ఎత్తి, గుడ్డ అడ్డం పెట్టుకుని రేడియేటర్ మూత తిప్పాడు. బుస్సుమని ఆవిరి లేచింది. మరిగిన నీళ్ల వాసన, వేడెక్కిన రబ్బరు వాసన కలిసి ఒక్కసారిగా ముఖానికి కొట్టాయి. దారిన పోయేవాళ్లు ముక్కు మూసుకుని తప్పుకున్నారు. నేను సంచీ కింద పెట్టి అక్కడే నిలబడిపోయాను. జుట్టు నెరిసిన ఆడమనిషి ఒకతె ఆ వాసన పీలుస్తూ తనలో తాను నవ్వుకోవడం చూసి ఆ డ్రైవరు ఏమనుకున్నాడో తెలియదు. నాకు మాత్రం ఆ ఆవిరిలోంచి డాక్టర్ అహల్యమ్మ గొంతు వినిపించింది. మామూలు గొంతు కాదది. ఆపరేషన్ గదిలో మాట్లాడితే వీధిలో చెప్పుల కొట్టు వరకూ వినిపించేది.

కోరుట్లలో ఆమెకు చిన్న దవాఖాన ఉండేది. నర్సు చదువు పూర్తయ్యాక నేను చేరిన మొదటి కొలువు అదే. అహల్యమ్మ అత్తవారిది కథలాపూర్ దగ్గరి ఒక ఊళ్లో పెద్ద దొరల కుటుంబం. ఊళ్లలో రైతుకూలీ సంఘాలు లేచి, అడవిలోంచి నక్సలైట్ అన్నలు రావడం మొదలయ్యాక ఆ ఇంటివాళ్లు కోటలాంటి తమ గడీకి తాళం వేసి జగిత్యాలకు తరలిపోయారు. భర్త హైదరాబాదులో ఇంజనీరు. ఆమె ఒక్కతే కోరుట్లలో ఉండి దవాఖాన నడిపేవారు. మా అమ్మ సారంగాపూర్ దగ్గర అటువంటి ఒక ఇంటి పొలాల్లోనే నాట్లు వేసి, కలుపు తీసి నన్ను చదివించింది. పాదిరి గారి సిఫారసుతో నర్సింగ్‌లో సీటు దొరికింది. అందుకే మొదటి రోజు గడప బయటే చెప్పులు విడిచి వెళ్లి ఆమె ముందు నిలబడ్డాను.

“పేరేంది బిడ్డా?” అని అడిగారు.

“ఎస్తేరు, దొరసానీ.”

“దొరసాని ఆ ఊర్లనే ఉండిపోయింది. ఈడున్నది డాక్టరు. ఇప్పుడు చెప్పు, ఏమని పిలుస్తవ్?”

“డాక్టరమ్మా.”

“ఆఁ, గట్ల. పోయి చేతులు కడుక్కొని రా. పని చానా ఉంది.”

ఆమె నెమ్మదస్తురాలు కాదు. కోపం వస్తే కత్తెరలున్న ట్రే కూడా కిందపడేది. కాసేపటికి తనే వచ్చి “మక్కబుట్ట తింటవా?” అని కాల్చిన కంకి సగం విరిచి ఇచ్చేవారు. అదే ఆమె క్షమాపణ. కారు తనే నడిపేవారు, నడుపుతూ శ్రుతి తప్పి పాడేవారు. కానీ రోగి మంచం దగ్గరికి వచ్చేసరికి ఇంకో మనిషి అయిపోయేవారు. ఒకసారి చలితో వణుకుతున్న పిల్లవాణ్ణి చూసి నేను “మలేరియా అమ్మా” అన్నాను. ఆమె కళ్లద్దాలు కిందికి జరిపి నన్ను చూశారు.

“నేను రోగం పేరు అడగలె. నువ్వేం చూసినవో గది చెప్పు.”

“చలి వెడుతున్నది. వొళ్లు కాలుతున్నది.”

“పొద్దుగాల?”

“పొద్దుగాల మంచిగనే ఆడుకున్నడట.”

“గిది ముందు చెప్పాలె. కండ్లతోని చూసింది ముందు. మనసుల అనుకున్నది వెనుక.”

నా చదువులో ఎవరూ నేర్పనిది ఆ గదిలో నేర్చుకున్నాను. నేను చెబుతుంటే ఆమె వినేవారు. అంతకుముందు నా మాట అంత శ్రద్ధగా విన్న పెద్దమనిషి ఎవరూ లేరు.

వారానికి రెండు రోజులు కథలాపూర్ వైపు పల్లెలకు వెళ్లేవాళ్లం. ఆ దారిలో కారు కనిపిస్తేనే జనం తలుపులు మూసుకునే కాలం. పొద్దున పోలీసులు డిక్కీ తెరిపించి మందుల పెట్టెలు విప్పించేవారు. సాయంత్రం బీడీలు చుట్టే ఏ అమ్మో వచ్చి, “అన్నలు అడిగిండ్రమ్మా, డాక్టరమ్మ ఎవరెవరింటికి పోయిందని” అని చెవిలో చెప్పేది. చివరికి ఆమె పోవచ్చని అన్నలే కబురు పంపారు. కానీ దారి మధ్యలో కారు నిలపకూడదన్నారు. పోలీసు అధికారి కూడా అదే చెప్పాడు. ఒకరినొకరు చంపుకునే రెండు పక్షాలూ మా విషయంలో ఒకే మాట మీద ఉన్నాయి: దారిలో ఆగొద్దు.

సరిగ్గా అప్పుడే ఆ పాత కారు ముందు పలకలో ఎర్ర దీపం వెలగడం మొదలైంది. ఇంజను వేడెక్కితే, అందులో తిరిగే నీళ్లు మరిగే స్థితికి వస్తే హెచ్చరించే చిన్న దీపం అది. మొదటిసారి వెలిగినప్పుడు వెనక సీట్లో రాజవ్వ ఉంది. బీడీలు చుట్టి బతికే మనిషి, మొగుడు దుబాయిలో. కడుపులో పేగు కుళ్లి మెలికలు తిరుగుతున్నది. మత్తు ఇచ్చే డాక్టరు ఆ రోజు సిరిసిల్లలో ఉన్నాడని తెలిసి అహల్యమ్మ కారును ఉరికిస్తున్నారు. కథలాపూర్ దాటాం. రెండు వైపులా తుప్పలు, గుట్టలు. దీపం వెలిగింది. ఇంకా పోతే ఇంజను పట్టేస్తుంది, ఆగితే రోగి ప్రాణం. ఆమె పెదవి కొరుక్కుని కారు పక్కకు తీసి ఆపారు.

బానెట్ ఎత్తాం. వేడి తగ్గేదాకా మూత ముట్టుకోకూడదు. రాజవ్వ అత్త ఏడుపు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. ఇంతలో ఎదురుగా పోలీసు జీపు వచ్చి ఆగింది. దిగిన ఎస్సై కోస్తా మనిషి.

“ఇక్కడెందుకు ఆపారు? ఎవరి కోసం ఎదురుచూస్తున్నారు?”

“నీళ్లు సల్లారాలని చూస్తున్నం. పేషంటును చూడుండ్రి, తర్వాత నన్ను అడుగుండ్రి” అన్నారు అహల్యమ్మ. అతను రాజవ్వ ముఖం చూసి ఇంకేమీ అడగలేదు. మూత తెరిస్తే నీళ్లు దాదాపు నిండుగానే ఉన్నాయి. స్టార్ట్ చేస్తే దీపం లేదు. మెల్లగా సిరిసిల్ల చేరాం. ఆపరేషన్ అయ్యాక అక్కడి డాక్టరు చేతులు కడుక్కుంటూ, “ఇంకొంచెం ఆలస్యమైతే నా దగ్గరికి తేవడమే అనవసరం” అన్నాడు. రాజవ్వ బతికింది. అహల్యమ్మ మాత్రం ఆ రోజు తిరుగు దారిలో పాట పాడలేదు.

ఆ తర్వాత ఆ దీపం మాతో ఆడుకుంది. కొన్నాళ్లు అసలు కనిపించేది కాదు. బాగైందనుకున్న మరునాడే వెలిగేది. జగిత్యాలలో సత్తార్ భాయ్ షెడ్డుకు తీసుకెళితే చల్లగా, బుద్ధిగా ఉండేది. సత్తార్ మంచి పనివాడు, ఓపిక గలవాడు. బల్బు మార్చాడు, తీగలు మార్చాడు, రేడియేటర్ కడిగాడు, నీటిని వదిలే చిన్న వాల్వు కొత్తది వేశాడు. ప్రతిసారీ అరగంట ఇంజను నడిపి చూసేవాడు. ఏమీ లేదు. చివరికి విసిగిపోయాడు.

“డాక్టరమ్మా, నీళ్లు మంచిగున్నయ్, ఇంజన్ మంచిగున్నది. ఆ లైటుకే దిమాక్ ఖరాబైంది. వైరు పీకేస్త, ఇగ రానే రాదు.”

“పేషంటు మూలుగుతున్నడని నోట్ల గుడ్డ కుక్కుతమా సత్తార్?”

“మరి ఏం జేద్దామమ్మా?”

“ఇంకా చూద్దాం.”

చూడనిచ్చేవాళ్లు ఇంట్లో లేరు. ఆమె బావగారు, అంటే భర్తకు అన్న, రంగారావు గారు. ఊరు విడిచి వచ్చినప్పటి నుంచి ఆ మనిషి ముఖంలో నవ్వు ఎవరూ చూడలేదట. దారిలో కారు ఆగిన సంగతి తెలిసి ఆమెను జగిత్యాలకు పిలిపించారు. మందుల సంచీ పట్టుకుని నేను గడప బయట నిలబడ్డాను. లోపలి మాటలు వినిపిస్తూనే ఉన్నాయి.

“మన ఊరికి మనమే పోలేకపోతున్నం. నువ్వు ఆ ఊర్లన్ని ఎందుకు తిరుగుడు అహల్యా? ఇయ్యాల లైటన్నవ్. రేపు కారు ఆగిన కాడ ఎవడొస్తడో ఎవరికెరుక? ఆ డబ్బా అమ్మెయ్. హైదరాబాద్ పోయి దవాఖాన పెట్టుకో.”

“కారుకు రోగమొస్తే దవాఖాన మూసుకుంటమా బావగారూ?”

“ఆ రోగమేందో నీకే దెలుస్తలేదు గదా!”

ఆ మాట ఆమెకు గుచ్చుకుంది. తర్వాత ఆమె గొంతు వినిపించింది. “పండుగ దాక టైమియ్యుండ్రి. నేను పట్టుకోలేకపోతే కారు తాళం నేనే తెచ్చి మీ చేతుల పెడ్త. హైదరాబాదుకు పోత.” బయటికి వచ్చేటప్పుడు ఆమె ముఖం చూసి నాకు భయమేసింది. ఆమె మాట ఇస్తే తప్పరు. ఆమె పోతే కథలాపూర్ చుట్టుపక్కల ఆడవాళ్లకు ఇంకెవరూ లేరు.

మరునాడు పల్లె ప్రయాణాలు ఆపేసి, దవాఖాన మెట్ల మీద కూర్చుని నాతో అన్నారు: “అందరం గా లైటు ఎప్పుడొస్తదని అడుగుతున్నం. ఎప్పుడు రాదో ఎవ్వలు అడగలె.” కారు ఆగినా భయం లేని కోరుట్ల, జగిత్యాల రోడ్డు ఎంచుకున్నారు. సత్తార్ అనుమానం ఇప్పుడు బరువు మీదికి మళ్లింది, ఎందుకంటే రోగి, రోగి మనుషులు ఎక్కినప్పుడే దీపం ఎక్కువగా వెలిగింది. సరే, అది చూద్దామని ఆయాను, వంటమనిషిని, నన్ను, మందుల పెట్టెలను ఎక్కించుకుని మెల్లగా నడిపారు. జగిత్యాల వరకూ దీపం లేదు. ఇంకో రోజు అదే బరువుతో ఉరికించారు. సగం దారిలో వెలిగింది. ఆయా దండం పెట్టుకుంటుంటే అహల్యమ్మ స్టీరింగు మీద దరువు వేశారు. ఆ తర్వాత మేమిద్దరమే, ఖాళీ కారు. ఉరికించారు. మళ్లీ వెలిగింది!

“బరువు గాదు ఎస్తేరూ! స్పీడు! పేషంటు ఉన్ననాడే గదా మనం ఉరికేది? అందుకే పేషంటు ఉన్ననాడే వచ్చింది!”

చెరువు గట్టు దగ్గర మేకలు కాసేవాళ్లు తిరిగి చూసేంతగా అరిచారు. మరుక్షణం కనుబొమ్మలు ముడిపడ్డాయి. వేగంగా పోతే వస్తున్నది, ఆపగానే తనంతట తానే పోతున్నది. అంటే బానెట్ తెరిచే సమయానికి చూడాల్సింది మాయమైపోతున్నది. “ఇన్ని రోజులు ఆపి చూసినం. ఆపకుండ చూడాలె” అన్నారు.

మరునాడు మిట్టమధ్యాహ్నం కారును బాగా ఉరికించి, దీపం మిణుకుమనగానే వేగం తగ్గించి, ఇంజను ఆపకుండా నేరుగా సత్తార్ షెడ్డులోకి తీసుకుపోయారు. “బంద్ చెయ్యకుండనే చూడాలె. బానెట్ లేపు సత్తార్!” ఆమె సీటులోనే కూర్చుని కాలితో ఇంజను రేపుతున్నారు. సత్తార్ ఫ్యాను, బెల్టు చూస్తున్నాడు. నేను పక్కకు వంగి, ఎవరి కళ్లూ పోని కింది వైపు చూశాను. రేడియేటర్ అడుగు నుంచి ఇంజనులోకి నీటిని పట్టుకుపోయే నల్లటి రబ్బరు పైపు ఉంది. ఆమె గట్టిగా తొక్కినప్పుడు ఆ పైపు మెల్లగా లోపలికి లొట్టపోయింది. రెండు గోడలూ అతుక్కుపోయి బద్దలా అయింది. ఆమె కాలు తీయగానే గుండ్రంగా లేచి, ఏమీ ఎరగనట్టు నిలబడింది.

“అమ్మా, మళ్లొకసారి తొక్కుండ్రి!”

“ఏమైంది?”

“తొక్కుండ్రమ్మా!”

మళ్లీ లొట్టపోయింది. ఇది నేను చూశాను, ఎన్నోసార్లు చూశాను. సన్నని నరాలున్న ముసలివాళ్లకు రక్తం తీసేటప్పుడు పెద్ద సిరంజి తొందరపడి గుంజితే నరం గోడలు అతుక్కుపోతాయి, చుక్క రక్తం రాదు. గుంజుడు ఆపితే మళ్లీ తెరుచుకుంటుంది. నాకు తెలియకుండానే నా గొంతు కూడా ఆమె గొంతంత పెద్దదైంది.

“పైపు అతుక్కపోతున్నదమ్మా! నరం లెక్క! ఇంజను గట్టిగ గుంజుతుంటే నీళ్లు పోతలేవు. కాలు తీస్తే మళ్ల తెరుచుకుంటున్నది!”

సత్తార్ పోయి సీట్లో కూర్చుని తొక్కాడు. అహల్యమ్మ దిగి వచ్చి నా పక్కన వంగి చూశారు. ఒకసారి, ఇంకొకసారి. తర్వాత గ్రీసు మరకల చేతులతోనే నన్ను గట్టిగా వాటేసుకున్నారు. నా తెల్లచీర పాడైంది. దాన్ని ఉతకడానికి కూడా నాకు మనసొప్పలేదు.

సత్తార్ తల పట్టుకున్నాడు. “యా అల్లా! దాని లోపట స్ప్రింగుండె అమ్మా, పైపు అతుక్కోకుండ. నిరుడు పైపు మార్చినప్పుడు తుప్పు పట్టి ముక్కలైందని తీసేసిన. ఈ బండికి కొత్తది దొరకలె. పైపు గట్టిగనే ఉన్నది గదా అనుకున్న. వేడికి మెత్తబడ్డది.” తిడతారేమోనని నేను అహల్యమ్మ వైపు చూశాను. “దొరికింది గదా సత్తార్! ఇప్పుడు స్ప్రింగు ఎట్ల?” అన్నారు, అంతే. సిరిసిల్లలో మరమగ్గాలకు స్ప్రింగులు చుట్టే పెద్దమనిషి ఉన్నాడని సత్తారే చెప్పాడు.

మెల్లగా పోతే ప్రమాదం లేదని ఇప్పుడు తెలుసు. మరునాడు పొద్దున సత్తార్‌ను కూడా ఎక్కించుకుని, కథలాపూర్ మీదుగా ఎడ్లబండి నడకతో సిరిసిల్ల చేరాం. మగ్గాల చప్పుడులో ఒకరి మాట ఒకరికి వినిపించని వీధిలో ఆ పెద్దమనిషి ఉక్కు తీగను కడ్డీకి చుట్టి, సత్తార్ చెప్పిన కొలతకు స్ప్రింగు తయారు చేశాడు. సత్తార్ దాన్ని కొత్త పైపులో దూర్చి బిగిస్తుండగా వీధి చివర రంగారావు గారు కనిపించారు. సిరిసిల్లలో చుట్టాలింటి శుభకార్యానికి వచ్చారట. మరదలి కారు గల్లీలో బానెట్ ఎత్తి ఉందని ఎవరో చెప్పారట.

“మళ్ల ఆగిందా?” అన్నారు.

“ఆగలె బావగారూ. దొరికింది.”

“ఎవలు పట్టిండ్రు? ఈ మేస్త్రీనా?”

అహల్యమ్మ నా భుజం మీద చెయ్యి వేసి నన్ను ముందుకు జరిపారు. “నేను గాదు, సత్తార్ గాదు. ఎస్తేరు పట్టింది. సారంగాపూర్ ఎస్తేరు.” ఆ మగ్గాల చప్పుడును మించి అరిచి చెప్పారు. వీధిలో వాళ్లంతా తిరిగి చూశారు. రంగారావు గారు నన్ను అంతకుముందు ఎన్నోసార్లు చూశారు, కానీ నా ముఖం చూడటం అదే మొదలు.

“ఎట్ల పట్టినవ్ బిడ్డా?”

నేను చెప్పాను. చూసింది ముందు, అనుకున్నది వెనుక. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని, తల వంచి, చివరి మాట వరకూ విన్నారు. మా అమ్మ అటువంటి ఇంటి వాకిట్లో చెప్పులు చేత్తో పట్టుకుని నడిచిన మనిషి. నేను చెబుతుంటే అటువంటి ఇంటి పెద్ద నిలబడి విన్నారు.

“నాతోని రాండ్రి. కథలాపూర్ తొవ్వల్నే పోదాం” అన్నారు అహల్యమ్మ. ఆయన ఊరు విడిచాక సిరిసిల్ల నుంచి జగిత్యాలకు ఎప్పుడు తిరిగి పోవాలన్నా కరీంనగర్ మీదుగా చుట్టు తిరిగి పోయేవారు. వంగి ఆ కొత్త పైపును ఒకసారి చూశారు. తర్వాత కారు వెనక తలుపు తెరుచుకుని సత్తార్ పక్కన కూర్చున్నారు. నేను ముందు సీట్లో.

“లైటు చూస్తుండు ఎస్తేరూ” అని ఆమె కారును ఉరికించారు. అలా ఆమె నడపడం నేను మళ్లీ చూడలేదు. వేములవాడ దాటాం. గుట్టలు వెనక్కి పరుగెత్తాయి. రాజవ్వతో ఆగిన చోటు వచ్చింది, పోయింది. నా కళ్లు ఆ చిన్న గాజు బిళ్ల మీదే ఉన్నాయి. నల్లగా ఉంది. నల్లగానే ఉంది. అహల్యమ్మ పాడటం మొదలుపెట్టారు. ఎప్పటిలాగే శ్రుతి లేదు, ఎవరూ పట్టించుకోలేదు.

తమ ఊరి దారి కనిపించినప్పుడు రంగారావు గారు కిటికీ దగ్గరికి జరిగారు. కథలాపూర్‌లో బస్సులు ఆగే చోట ఆడవాళ్లు కారును గుర్తుపట్టి చేతులు అడ్డం పెట్టారు. అహల్యమ్మ ఆపారు. ఇంజను కూడా బంద్ చేశారు. మళ్లీ స్టార్ట్ అవుతుందని ఆమెకు తెలుసు. “డాక్టరమ్మా, ఇగ రావంటున్నరు, నిజమేనా?” అని ఒకామె అడిగింది. “ఎవలన్నరు? బుధవారం వస్తున్న” అన్నారు. వాళ్లలో ఒక ముసలామె వెనక సీటు వైపు వంగి చూసింది.

“దొరా, మంచిగున్నవా?”

ఆయన గొంతు సవరించుకున్నారు. “మంచిగున్న బాలవ్వా. నువ్వు మంచిగున్నవా?”

“మంచిగనే ఉన్న.”

అంతే. కారు ఒక్క తిప్పుకే స్టార్ట్ అయింది. కోరుట్ల వరకూ ఆయన కిటికీ బయటికే చూశారు. దవాఖాన ముందు దిగాక, “అమ్ముడు ముచ్చట ఇగ ఎత్త. నువ్వు ఇక్కడనే ఉండు అహల్యా” అన్నారు. ఆ సాయంత్రం ఆయా వీధంతా లడ్డూలు పంచింది. ఎందుకో సగం మందికి తెలియదు. అయినా అందరూ తిన్నారు.

బుధవారం వెళ్లాం. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు వెళ్లాం. ఆ దారిలో కాల్పులూ చూశాం, శవాలూ చూశాం, పురుళ్లూ పోశాం. కారు మాత్రం ఒక్కసారీ ఆగలేదు. నాకు పెద్ద దవాఖానలో ఉద్యోగం వచ్చినప్పుడు అహల్యమ్మే బలవంతంగా పంపించారు. ఆమె పోయి కొన్నేళ్లయింది. చివరిసారి చూడటానికి వెళ్లినప్పుడు గొంతు సన్నబడింది కానీ, పక్కనున్న నర్సును పిలిచి, “ఈమె ఎవరనుకున్నవ్?” అని నా గురించి చెప్పడం మొదలుపెట్టారు. ఆమె ఆపేదాకా ఆ అమ్మాయి కదలలేకపోయింది.

ఇప్పుడు వారానికి కొన్ని రోజులు నర్సింగ్ పిల్లలకు వార్డులో పాఠం చెబుతున్నాను. ఈమధ్య ఒకామెకు ఆయాసం వచ్చిపోతుంటే గుండె జబ్బని పెద్ద డాక్టరు అనుకున్నారు, నేనూ అదే అనుకున్నాను. సౌజన్య అని రుద్రంగి ఊరి అమ్మాయి, ఎప్పుడూ వెనక వరసలో నిలబడేది, మెల్లగా అంది: “మేడం, కాదేమో. ఆమె కొడుకు వచ్చిపోయినంకనే వస్తున్నది. వాడు రాని రోజు ఆమెకు ఏం లేదు. నేను నాలుగు రోజులసంది చూస్తున్న.” ఆరా తీస్తే ఆమె మాటే నిజమైంది. ఇంట్లో ఏదో పెద్ద గొడవ, ఆ తల్లి ఎవరికీ చెప్పుకోలేక ఊపిరి బిగబట్టుకుంటున్నది. మరునాడు రౌండ్లకు వచ్చిన డాక్టరు ఫైలు చూసి, “మంచి పని చేశారు మేడం” అన్నాడు నాతో. వరసలో చివరి నుంచి ఆ అమ్మాయిని చెయ్యి పట్టుకుని ముందుకు తెచ్చాను.

“నేను గాదు సార్. సౌజన్య పట్టింది. రుద్రంగి సౌజన్య.”

కొంచెం గట్టిగానే అన్నట్టున్నాను. వార్డు చివరి మంచం మీద ముసలాయన లేచి కూర్చున్నాడు.